లేజర్‌డిస్క్ బొమ్మ డీవీడీ కంటే మేలన్న మాటలో పస ఎంత?

"లేజర్‌డిస్క్ అనలాగ్. కంప్రెషన్ లేదు కాబట్టి డీవీడీ దాని ముందు నిలవదు" అనే మాట పాత డిస్కులు పోగేసేవాళ్లలో తెగ చక్కర్లు కొడుతుంటుంది. లేజర్‌డిస్క్ అంటే డీవీడీకి ముందు సినిమాలు వచ్చిన పెద్ద పళ్లెం లాంటి డిస్కు.

"కంప్రెషన్ లేదు": డిజిటల్ కంప్రెషన్ (డేటాను కుదించడం) లేని మాట నిజమే. కానీ ఆ డిస్కు మీద ఉన్నది కాంపోజిట్ సిగ్నల్. వెలుగు, రంగు అందులో కలిసిపోయి ఉంటాయి, ప్లేయర్‌లోనో టీవీలోనో ఉండే కోంబ్ ఫిల్టర్ అనే సర్క్యూట్ వాటిని మళ్లీ విడదీయాలి. అది పూర్తిగా ఎప్పుడూ కుదరదు. ఎర్ర అక్షరాల అంచున చుక్కలు పాకేదీ, సన్నచారల చొక్కా మీద లేని రంగులు మెరిసేదీ అందుకే. డీవీడీలో రంగు వేరుగా ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) లేజర్‌డిస్క్ అడ్డంగా సుమారు 425 టీవీ లైన్లు (విడివిడిగా కనిపించే సన్న గీతల లెక్క) చూపిస్తే, డీవీడీ 500 దాటుతుంది.

"ఎస్-వీడియో కేబుల్ పెడితే సరి": ఈ కేబుల్ వెలుగునూ రంగునూ వేర్వేరు తీగల్లో పంపుతుంది, అయినా సరి కాదు. అప్పుడు విడదీసేది ప్లేయర్‌లోని ఫిల్టరే. టీవీలోది అంతకంటే మంచిదైతే కాంపోజిట్ సిగ్నల్‌ను అలాగే పంపే మామూలు పసుపు పిన్నే మేలు.

"వైడ్‌స్క్రీన్ ఎందులోనైనా ఒకటే": 2.35 నిష్పత్తి సినిమాకు లెటర్‌బాక్స్ (పైనా కిందా నల్ల పట్టీలున్న) లేజర్‌డిస్క్‌లో తెర ఎత్తులోని 480 లైన్లకు 272 మాత్రమే దక్కుతాయి, మిగతావి నల్ల పట్టీల పాలు. అనామార్ఫిక్ (బొమ్మను అడ్డంగా నొక్కి దాచి, చూసేటప్పుడు మళ్లీ సాగదీసే) డీవీడీలో 363 దక్కుతాయి. అనామార్ఫిక్ లేజర్‌డిస్కులు ఉన్నా, బహు తక్కువ.

"నా డీవీడీయే మసకగా ఉంది": ఉండొచ్చు, తప్పు ట్రాన్స్‌ఫర్‌ది, అంటే ఫిల్మును వీడియోగా మార్చిన పనిది. తొలినాటి డీవీడీలు కొన్ని లేజర్‌డిస్క్ కాలపు టేపుల నుంచే వచ్చాయి. ఆ టేపు డీ-2 లాంటి కాంపోజిట్ రకమైతే చుక్కలు డీవీడీలోకీ దిగుతాయి. 2006లో స్టార్ వార్స్ అసలు వెర్షన్లను డీవీడీలో ఇచ్చినప్పుడు 1993 నాటి లేజర్‌డిస్క్ మాస్టర్లే (మూల టేపులే) వాడారు, అదీ అనామార్ఫిక్ కాకుండా. దాన్ని చూపించి డీవీడీ ఫార్మాట్‌నే తిట్టిపోస్తే ఎలా?

"శబ్దం లేజర్‌డిస్క్‌దే": డిజిటల్ ట్రాక్ ఉన్న డిస్కుల్లో 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ పీసీఎం (సీడీలో ఉండే రకం) స్టీరియోకు కంప్రెషన్ లేదు. ఇక్కడ మాత్రం పాయింటుంది.

"స్క్రీన్‌షాట్లు చూస్తే తెలియట్లేదా": వాటిలో చాలావరకు తీసిన పద్ధతే తప్పు. అమెరికా డిస్కుల్లో నలుపు 7.5 ఐఆర్‌ఈ (వీడియో సిగ్నల్ వెలుగు కొలిచే యూనిట్) దగ్గర, జపాన్ డిస్కుల్లో 0 దగ్గర ఉంటుంది. వీడియోను కంప్యూటర్‌లోకి తీసుకునే క్యాప్చర్ కార్డును 7.5కు పెట్టి జపాన్ డిస్కు ఎక్కిస్తే చీకటి సీన్లలో వివరమంతా నలుపులో మునిగిపోతుంది. 0కు పెట్టి అమెరికా డిస్కు ఎక్కిస్తే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. ముందు లెవెల్స్ సరిచేయండి, ఆపైన ఇన్వర్స్ టెలిసినీ (టీవీ వేగానికి మార్చిన ఫ్రేములను తిరిగి సినిమా అసలు ఫ్రేములుగా మార్చడం) చేసి, అదే ఫ్రేమును రెండింటిలోనూ పట్టుకుని పీఎన్‌జీగా దాచండి. రెండు ఫ్రేములు కలిసిన దువ్వెన పళ్ల బొమ్మ దేనికీ సాక్ష్యం కాదు. తెర నిండా రంగు చుక్కలు చిటపటలాడుతుంటే అది లేజర్ రాట్, అంటే లోపలి అల్యూమినియం పొర చెడిపోవడం. అలాంటి డిస్కును పోలికకు వాడకండి.