తాలు ఏరేశాక 90 శాతం

ల్యాబులో పిండాన్ని తయారుచేసే ఐవీఎఫ్ చికిత్సకి డాక్టర్ని ఎంచుకోవడం ఎలా అన్న విషయంలో గుంటూరు, బెజవాడ జనానికి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. మనకో శాస్త్రం ఉంది. అది ఏ పుస్తకంలోనూ ఉండదు గానీ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పోయినేడు మా అన్నయ్య కొడుక్కీ కోడలికీ డాక్టర్ని వెతికే భారం నామీద పడినప్పుడు ఆ శాస్త్రాన్ని ఆమూలాగ్రం ప్రయోగించి చూసే భాగ్యం కలిగింది. ఆ అనుభవాన్ని నాలోనే దాచుకుంటే లోకానికి ద్రోహం చేసినవాణ్ణవుతాను.

ముందు నా అర్హతలు. నేను డాక్టర్ని కాను. రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. కారు నడపడం వచ్చు, పగలంతా ఖాళీ. వైద్య సలహా ఇవ్వడానికి మన వైపు ఇంతకుమించి ఎవరూ ఎవర్నీ అడిగిన దాఖలా లేదు.

శాస్త్రంలో మొదటి మెట్టు హోర్డింగు. గుంటూరులో బయల్దేరి కాజ టోల్‌గేటు దాటి వారధి ఎక్కేలోపు ఎన్ని సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు కనపడతాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి మంగళగిరి దగ్గర మానేశాను. ప్రతి బోర్డు మీదా తెల్లగా, నీలికళ్లతో ఓ పసిపాప నవ్వుతూ ఉంటుంది. మా వంశంలో ఏడు తరాలు వెనక్కి వెళ్లినా అలాంటి బిడ్డ పుట్టలేదు. పుడితే ముందు గొడవలే అవుతాయి. అయినా ఆ బొమ్మ చూసి మా వదిన కళ్లకద్దుకుంది. పక్కనే తాటికాయంత అక్షరాలతో '90 శాతం సక్సెస్'.

మా అన్నయ్య మిర్చి యార్డులో నలభై ఏళ్లుగా కమీషన్ వ్యాపారి. మిర్చి బస్తా, అదే టిక్కీ, విప్పితే పైన కాయ చూడడు. మోచేతిదాకా లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు లాగుతాడు. తొడిమ విరుస్తాడు, చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు, గింజ గలగలమనకపోతే తేమ ఉందని మొహం చిట్లిస్తాడు. రంగు పోయిన తాలుకాయ ఎంతో కళ్లతోనే తూకం వేస్తాడు. రైతు దేవుడి మీద ఒట్టేసినా సరే, క్వింటాలుకి పది రూపాయలు ఎక్కువ పెట్టడు. అంతటి మనిషి బోర్డు వంక చూసి, "తొంభై అంటే తొంభయ్యేరా, అంత పెద్దగా రాశారుగా" అన్నాడు.

వెనక సీట్లోంచి మా కోడలు మెల్లగా అంది: "తాలు ఏరేశాక మిగిలిన కాయలో తొంభై శాతం ఎర్రగా ఉందన్నట్టండీ అది."

ఆ మాటకి కారులో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆడపిల్ల వ్యాపారం మాట్లాడిందని మా అన్నయ్య అద్దంలోంచి ఓ చూపు చూశాడు. నేను మాత్రం ఇంటికొచ్చాక ఆరా తీశాను. పది మంది ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఒకరిద్దరికి అండాలు సరిగ్గా ఎదగవు, ఆ విడత చికిత్స (సైకిల్) ఆపేస్తారు. కొందరి అండాలు ఫలదీకరణ చెందవు. కొందరి పిండాలు అయిదో రోజు దాకా ఎదక్కుండానే ఆగిపోతాయి. మిగిలినవాళ్లకే పిండాన్ని గర్భసంచిలో పెట్టే ట్రాన్స్‌ఫర్. కొన్నిచోట్ల లెక్క అక్కణ్ణుంచి మొదలవుతుంది. రెండు వారాలకి గర్భం తెలుసుకోడానికి చేసే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష పాజిటివ్ వస్తే చాలు, అది 'సక్సెస్'. తర్వాత గుండె చప్పుడు వినపడకపోయినా, మూడో నెలలో పోయినా బోర్డు దిగదు. బిడ్డ ఏడుపు వినిపించే దాకా లెక్కపెట్టే ఓపిక ఆ బోర్డు రాసినవాడికి ఉండదు. పైగా ఇరవయ్యెనిమిదేళ్లావిడనీ, దాత అండాలతో చేయించుకున్న నలభై రెండేళ్లావిడనీ ఒకే టిక్కీలో కలిపేస్తే రంగు భలేగా వస్తుంది.

రెండో మెట్టు పార్కింగు. బెజవాడ సూర్యారావుపేటలో కారు పెట్టుకోడానికి చోటున్న ఆసుపత్రి దొరికితే అది దైవానుగ్రహం. మేం చూసిన ఒక చోట సెల్లారుంది, లిఫ్టుంది, రిసెప్షన్లో నీళ్లు జారే గాజు గోడ ఉంది, ఏసీ చలికి మా వదిన పమిట కప్పుకుంది. "ఇంత ఖర్చు పెట్టారంటే మంచి డాక్టరే అయ్యుంటుంది" అని తేల్చేసింది. ఆ ఖర్చు ఎవరి జేబులోంచి వచ్చిందని అడగడం శాస్త్ర విరుద్ధం.

మూడోది, మన వైపు అతి ప్రాచీనమైన ప్రశ్న: డాక్టరుగారు మనవాళ్లేనా? ఇంటిపేరు కనుక్కుని, ఆ ఇంటిపేరుకి ఊరు కనుక్కుని, ఆ ఊళ్లో మనకి తెలిసిన మోతుబరిని కనుక్కుని, ఫోన్ చేయించాలి. మా అన్నయ్య ఈ పని రెండు గంటల్లో పూర్తి చేశాడు. అండాన్నీ వీర్యకణాన్నీ కలిపేదీ, ఆ పిండాన్ని 37 డిగ్రీల దగ్గర అయిదు రోజులు కాపాడేదీ ఆ డాక్టరమ్మ కాదు, లోపల ల్యాబులో ఉండే ఎంబ్రియాలజిస్టు. ఆ మనిషి ఇంటిపేరు ఎవరూ అడగలేదు. ఉన్నాడా, రోజూ ఇక్కడే ఉంటాడా, ఊళ్లు తిరుగుతూ మన వంతుకి వస్తాడా అనీ అడగలేదు. హోర్డింగు మీద అతని ఫొటో లేదు కదా! సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద ఐవీఎఫ్ చేసే క్లినిక్కుకి రిజిస్ట్రేషన్ ఉండాలి, అది అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, ఎంబ్రియాలజిస్టు ఉండాలి, కౌన్సెలర్ ఉండాలి. ఆ కాగితం చూపించమని నేను అడగబోతే మా అన్నయ్య కాలు తొక్కాడు: "పరువు తియ్యకు. మనవాళ్లని చెప్పాంగా."

వాస్తు మాత్రం క్షుణ్ణంగా చూశాం. ద్వారం తూర్పు, ఆపరేషన్ థియేటర్ ఆగ్నేయం, బాగుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక జనం డాబాల మీద కూర్చున్నారు. అలాంటి రోజు వస్తే ఇంక్యుబేటర్లలో పిండాల సంగతేంటి, జనరేటరు ఏ అంతస్తులో ఉంది అని అడగడం వాస్తులోకి రాదు. జనరేటరు మూల కూడా ఆగ్నేయమే కాబట్టి సరిపోయిందన్నారు.

వదిన ప్రశ్నలు వేరు. ఆవిడ నేరుగా హెడ్ నర్సు దగ్గరికెళ్లి, "అండాలు తీసేది మంచి ఘడియలో తీస్తారా?" అంది. ఆ నర్సు ఎన్ని వందలమంది అత్తగార్లని చూసిందో, చెక్కు చెదరలేదు. "ఆఖరి ఇంజెక్షన్ బుధవారం రాత్రి పదకొండింటికి చేశామనుకోండమ్మా. అక్కణ్ణుంచి 34 నుంచి 36 గంటల మధ్య తీసేయాలి. అంటే శుక్రవారం పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య."

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం! రెండింటికి పెట్టండి."

"రెండింటిదాకా ఆగితే అవి వాటంతటవే విడుదలైపోతాయమ్మా. ఇక మేం తీయడానికేమీ ఉండదు."

వదిన ఆలోచించింది. "అయితే తొమ్మిదిన్నరకే కానిచ్చేయండి" అని ఓ మెట్టు దిగింది. రాహువుతో నర్సు కుదిర్చిన ఆ ఒప్పందాన్ని మించిన రాజీ మా ఇంట్లో ఇంతవరకు జరగలేదు. తలుపు మీద 'ఇక్కడ గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ చేయబడదు, అది నేరం' అన్న బోర్డు వేలాడుతోంది. సరిగ్గా దాని కింద నిలబడి వదిన గొంతు తగ్గించి, "మగపిల్లాడైతే..." అని మొదలుపెట్టింది. నర్సు బోర్డు వంక వేలు చూపించి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ప్యాకేజీ. కౌన్సెలర్ అని పిలిచే కుర్రాడు లామినేషన్ చేసిన కార్డు మా ముందు పెట్టాడు. బ్రాడీపేట టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ధర ఒకటి, నెయ్యి వేస్తే ఒకటి, కారప్పొడి చల్లితే ఒకటి అన్నట్టుంది. ముందు చెప్పిన మొత్తంలో ఇంజెక్షన్లు లేవు. మత్తుమందు లేదు. పిండాల్ని ద్రవ నత్రజనిలో దాచడం లేదు. కింద మాత్రం 'అదనపు సేవలు' బారుగా ఉన్నాయి. అందులో ఒకటి గర్భాశయం లోపలి పొరని కాస్త గీకడం. గీకితే పిండం బాగా అంటుకుంటుందట. ఈ గీకుడు మీద అయిదు దేశాల్లో 1,364 మంది ఆడవాళ్లతో పరీక్ష చేసి 2019లో ఫలితం చెప్పారు. గీకించుకున్నవాళ్లలో బిడ్డ పుట్టింది నూటికి 26.1 మందికి. గీకించుకోనివాళ్లలోనూ 26.1 మందికే. దశాంశం దగ్గర కూడా తేడా లేదు.

ఈ సంగతి అన్నయ్యకి చెప్పాను. ఆయన పట్టుకున్నది వేరే. "26 ఏంట్రా? ఆ ఫారిన్ డాక్టర్లకి చేతకాలేదన్నమాట. మన బెజవాడలో తొంభై చేస్తున్నారు!"

గుంటూరు గర్వం కూడా ఒకటుంది. 2019 సెప్టెంబరులో గుంటూరులోనే డెబ్భై దాటిన ఓ పెద్దావిడ ఐవీఎఫ్‌తో కవలల్ని కన్నది. పేపర్లు, టీవీలు హోరెత్తించాయి. అప్పట్నుంచి మా చుట్టాల్లో ఎవరు ఏ సందేహం చెప్పినా జవాబు ఒకటే: "డెబ్భై దాటినావిడకే పుడితే, మన పిల్లకి ముప్పయ్యారేగా!" ఆ అండాలు దాతవి, ఆవిడవి కావన్న ముక్క ఎవరికీ గుర్తుండదు. గర్భసంచి ఓపిక పట్టినా అండాలకి వయసు ఆగదు. ఆ తర్వాత వచ్చిన 2021 చట్టం ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55 ఏళ్లు దాటితే ఈ చికిత్స కుదరదంది. ఇక మావాళ్ల సంగతి. ఏడాది చూసినా గర్భం రాకపోతే డాక్టరు దగ్గరికెళ్లాలని, ముప్పయ్యయిదు దాటితే ఆర్నెల్లకే వెళ్లాలని వైద్యుల మాట. మా కోడలు ఆరేళ్లు పెదకాకాని గుళ్లో ప్రదక్షిణలు చేసింది. దేవుడి తప్పేమీ లేదు, ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లొద్దని ఎప్పుడూ అనలేదు.

ఇహ శాస్త్రంలో అతి రహస్యమైన భాగం ఒకటుంది. మగవాడి పరీక్ష. ఆరేళ్లలో మా కోడలికి స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబులు చూసే ఎక్స్‌రే, ఒక లాప్రోస్కోపీ అయ్యాయి. మావాడికి ఏదీ కాలేదు. ఖర్చు తక్కువ, నొప్పి లేదు, కావాల్సింది ఓ డబ్బా, ఓ గది. "వాడికేం, దుక్కలా ఉన్నాడు. మా వంశంలో అలాంటివి లేవు" అంది వదిన. వంశంలో ఎవరూ ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు కాబట్టి నిజంగానే లేవు. వాడు రోజుకో పెట్టె సిగరెట్లు ఊదేస్తూ ఈ మాటకి తలూపాడు. ఇక్కడ మాత్రం నాకు నిజంగా ఒళ్లు మండింది. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపం ఉంటుందని వైద్యులు చెప్పి ఎన్నేళ్లయిందో! సూదులు మాత్రం ఆవిడ పొట్ట మీద.

చివరగా మేం ఒక డాక్టరమ్మని చూశాం. ఆ ఆసుపత్రి సూర్యారావుపేటలోనే ఓ సందులో ఉంది, పార్కింగు లేదు, గాజు గోడ లేదు, కుర్చీలో స్పాంజి పైకొచ్చింది. ఆవిడ మా అన్నయ్యనీ నన్నూ బయట కూర్చోమంది. తలుపు సరిగ్గా పడదు కాబట్టి అన్నీ వినపడ్డాయి. మా కోడలు హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసిన చప్పుడు కూడా వినపడింది. మడతలు పడి మడతల దగ్గర చిరిగిన కాగితం. ఒక్కొక్కటే చదివింది: నా వయసువాళ్లు పోయినేడు ఎంతమంది ఇక్కడ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, ఎంతమంది బిడ్డతో ఇంటికెళ్లారు, ఎంబ్రియాలజిస్టు ఎవరు, పొట్ట ఉబ్బి నీరు చేరితే అర్ధరాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఎన్ని పిండాలు పెడతారు, మొత్తం ఎంతవుతుంది.

డాక్టరమ్మ ఫైలు తిరగేసింది. "మీ వయసు, అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ పరీక్ష బట్టి ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కి బిడ్డ పుట్టే అవకాశం నూటికి పాతిక, ముప్పై మధ్య. ఎక్కువ చెప్పను. ముందు ఈయన రిపోర్టు తీసుకురండి. సిగరెట్లు ఇవాళే ఆపాలి. కొత్త వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, ఆలోపు మనకి వేరే పనులున్నాయి."

అన్నయ్య మొహం మాడిపోయింది. కారు వారధి ఎక్కగానే, "పాతిక శాతమంటే పాసు మార్కులైనా లేవురా" అన్నాడు. "మాట కఠినం" అంది వదిన. "హస్తవాసి ఉన్నట్టు లేదు" అంది మా వియ్యపురాలు ఫోన్లో. మావాడు సిగరెట్ల మాట దాటేసి పార్కింగు సంగతి ఎత్తాడు. రాత్రి భోజనాల దగ్గర ఓట్లు తీసుకున్నాం. గాజు గోడ ఆసుపత్రికి ఆరు. నేను రాజనీతిజ్ఞుణ్ణి కాబట్టి తటస్థం. కోడలిని ఎవరూ అడగలేదు, వడ్డిస్తోంది కదా.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది.

"చిన్నమామయ్యగారూ, సందులో డాక్టరుగారి దగ్గర టోకెన్ తీసుకున్నానండీ. పదింటికి. మీకు శ్రమ వద్దు, బస్సులో వెళ్తున్నాం."

"వెళ్తున్నామా? ఎవరెవరమ్మా?"

"ఆయనా నేనూ. ఆయన పక్కనే ఉన్నారు, డబ్బా పట్టుకుని."

నలభై ఏళ్ల బ్యాంకు అనుభవం, రెండు నెలల పరిశోధన, ఆరు ఓట్ల మెజారిటీ అన్నీ గొంతుదాకా వచ్చాయి.

"అక్కడ పార్కింగు లేదమ్మా" అన్నాను.