దుంగ లెక్క చెప్పని బయోఎకానమీ పాఠం

ఫారెస్ట్రీ విద్యార్థుల దగ్గర బయోఎకానమీ ప్రస్తావన తెస్తే తరచుగా రెండు మాటలు వెంటవెంటనే వస్తాయి. మన రంగానికి మంచి రోజులొస్తున్నాయన్నది మొదటిది. ఇంత కలప ఎక్కడి నుంచి తెస్తారన్నది రెండోది. ఈ రెండో మాటను అవగాహన లోపం కింద జమకట్టి, ఇంకో రెండు లెక్చర్లు చెబితే సర్దుకుంటుందని అనుకునేవాళ్లున్నారు. నన్నడిగితే బయోఎకానమీ కోర్సులో విద్యార్థి నిజంగా నేర్చుకున్నది ఆ అనుమానమే.

బొగ్గు, చమురు నుంచి తీసే ఇంధనాలు, ప్లాస్టిక్, రసాయనాల బదులు చెట్లు, పంటలు, నాచు, సూక్ష్మజీవుల నుంచి వచ్చేవి వాడాలన్నది బయోఎకానమీ సారాంశం. యూరోపియన్ యూనియన్ 2012లో దీనికో వ్యూహపత్రం తెచ్చింది. రెండేళ్లకే ఫిన్లాండ్ సొంత వ్యూహం ప్రకటించింది. 60 బిలియన్ యూరోల స్థాయిలో ఉన్న బయోఎకానమీని 2025 నాటికి 100 బిలియన్లకు తీసుకెళ్లాలి, కొత్తగా లక్ష ఉద్యోగాలు రావాలి అన్నవి అందులోని లక్ష్యాలు. ప్రకృతికీ హద్దులున్నాయన్న విషయం 2018లో యూరప్ వ్యూహాన్ని సవరించినప్పుడు గానీ గట్టిగా వినపడలేదు. 2019లో హోహెన్‌హైమ్, వాగెనింగెన్, బొలోన్యా, ఈస్టర్న్ ఫిన్లాండ్ సహా ఆరు యూరప్ విశ్వవిద్యాలయాలు బయోఎకానమీ చదువుల కోసం ఒక కూటమి కట్టాయి. అంటే విధానం ముందు పుట్టింది, సిలబస్ దాని వెనకాల నడిచింది. అందుకే క్లాసులో స్లయిడ్లు చాలాసార్లు మంత్రిత్వ శాఖ పత్రాల్లాగే మాట్లాడతాయి.

ఆ స్లయిడ్లలో ఏముంటాయో ఊహించడం కష్టమేమీ కాదు. కలప గుజ్జుతో చేసిన బట్ట, లిగ్నిన్‌తో (కలపలో నారల్ని అతికించి పట్టుకునే పదార్థంతో) బ్యాటరీలు, నార్వేలో 2019లో పూర్తయిన 18 అంతస్తుల కలప భవనం మ్యోస్టోర్నెట్. వీటిలో అబద్ధమేమీ లేదు, నిజంగానే ఆసక్తికరమైనవి. కానీ కలపలో పెద్ద వాటా వెళ్లేది అటు కాదు.

ఫిన్లాండ్‌లోని ఆనెకోస్కి మిల్లునే తీసుకోండి. 2017లో మొదలైనప్పుడు దాన్ని పల్ప్ మిల్లు అనలేదు, ‘బయోప్రొడక్ట్ మిల్లు’ అన్నారు. ఏడాదికి సుమారు 65 లక్షల ఘనపు మీటర్ల కలప తీసుకుని 13 లక్షల టన్నుల గుజ్జు ఇచ్చేలా దాన్ని కట్టారు. గుజ్జు ప్రధానంగా వెళ్లేది టిష్యూ పేపర్‌కి, అట్టలకి, కాగితానికి. ఇక మిల్లు లోపల జరిగేది చూడాలి. కలప ఎండు బరువులో ఇంచుమించు సగమే గుజ్జుగా బయటికొస్తుంది. మిగతా సగం, అందులో ముఖ్యంగా లిగ్నిన్, నల్లటి ద్రవంగా మారి బాయిలర్‌లో మండుతుంది. దాంతో మిల్లు తన అవసరాలు తీర్చుకుని బయటికి కూడా కరెంటు అమ్ముతుంది. ఇంజినీరింగ్‌గా చూస్తే అద్భుతమే. కార్బన్ లెక్కలో చూస్తే, దశాబ్దాలుగా చెట్టులో దాగిన కార్బన్‌లో సగం కొద్ది రోజుల్లోనే పొగ గొట్టం ఎక్కింది. గుజ్జులో మిగిలింది కూడా టిష్యూ రూపంలో ఎన్నాళ్లుంటుంది?

అయితే అన్ని దుంగల్నీ భవనాలకే పంపొచ్చు కదా అంటే, కుదరదు. అడవిని పలచన చేసినప్పుడు వచ్చే సన్నటి చెట్లను సామిల్లు తీసుకోదు. లావు దుంగ సామిల్లుకు వెళ్లినా అందులో దాదాపు సగమే పలకలుగా, దూలాలుగా వస్తుంది. తక్కినది చిప్స్, రంపపు పొట్టు, బెరడు. ఈ గజిబిజే అసలు పాఠం. ఎక్కువ కాలం నిలిచే వస్తువులకు ముందు, కాల్చడానికి చివర అని కోర్సుల్లో ఒక క్రమం చెబుతారు. పరీక్షలో రాయడానికది బాగుంటుంది. బయట మాత్రం ఆ క్రమాన్ని ధర నిర్ణయిస్తుంది, సబ్సిడీ నిర్ణయిస్తుంది. అందుకే 2023లో యూరప్ తన పునరుత్పాదక ఇంధన చట్టాన్ని సవరిస్తూ, సామిల్లుకు పనికొచ్చే దుంగల్ని కాల్చి తీసే ఇంధనానికి నేరుగా ఆర్థిక సాయం ఇవ్వకూడదని రాయాల్సి వచ్చింది. క్రమం తనంతట తాను నిలబడేదైతే ఆ వాక్యం అవసరమే ఉండేది కాదు.

ఫిన్లాండ్ విద్యార్థులకు ఈ అనుమానం గాల్లోంచి రాలేదు. అడవులు కార్బన్‌ని పీల్చుకుంటాయన్న భరోసాతోనే ఆ దేశం 2035 నాటికి కార్బన్ తటస్థత, అంటే వదిలినంత కార్బన్‌నీ తిరిగి పీల్చుకునే స్థితి, సాధించాలని లక్ష్యం పెట్టుకుంది. తీరా 2021 లెక్కలు తీస్తే, అక్కడి అడవులు, భూమి వినియోగం కలిపి పీల్చుకున్న దానికంటే వదిలిందే ఎక్కువని తేలింది. నరికివేత పెరిగింది, చెట్ల ఎదుగుదల మందగించింది, నీళ్లు తీసేసిన పీట్ నేలల (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ చిత్తడి నేలల) నుంచి ఉద్గారాలు వస్తూనే ఉన్నాయి. ఈ మూడూ మూడు వేర్వేరు సబ్జెక్టులు. ఒకరు పెంపకం చెబుతారు, ఒకరు నేలలు చెబుతారు, ఒకరు కలప టెక్నాలజీ చెబుతారు. వాటి మధ్య వైరుధ్యాన్ని కలిపి చూసే పని మాత్రం ఇరవై ఏళ్ల పిల్లల నెత్తిన పడుతుంది.

దక్షిణ యూరప్‌కు వెళ్తే కథ మారుతుంది. పోర్చుగల్‌లో చెట్టు నరక్కుండానే కార్క్ బెరడు ఒలుస్తారు. స్పెయిన్‌లో పైన్ చెట్ల నుంచి జిగురు తీస్తారు. కార్చిచ్చులు రేగే ఆ ప్రాంతాల్లో కింద పెరిగిన పొదల్ని తీసి వాడుకోవడం అడవికి రక్షణ కూడా. అక్కడి విద్యార్థికి బయోఎకానమీ అనగానే పల్ప్ మిల్లే గుర్తుకురావాలని లేదు. పరిశోధకులు కూడా బయోఎకానమీని చూసే తీరులు మూడున్నాయంటారు. ఒకటి బయోటెక్నాలజీని నమ్ముకుంటుంది, ఒకటి ముడిసరుకుని, మూడోది పర్యావరణ హద్దుల్ని. క్లాసులో ఈ మూడింటినీ ఒకే వరుసలో పెట్టి ‘అన్నీ ముఖ్యమే’ అని ముగిస్తే విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. ఎందుకంటే ఒకే అడవిలో ఈ ఏడాది ఎన్ని చెట్లు కొట్టాలన్న దగ్గర అవి ఒకదాంతో ఒకటి తలపడతాయి.

కోర్సు మార్చాలన్నప్పుడల్లా కమ్యూనికేషన్, ఆంట్రప్రెన్యూర్‌షిప్, టీమ్ వర్క్ అని ఒక చిట్టా వినిపిస్తుంది. (ఈ చిట్టా ఏ కోర్సుకైనా సరిపోతుంది, అదే దాని గొప్ప.) నాకు కావాల్సింది ఇంకొంచెం మొరటు పని. ఒక నిజమైన అడవి ముక్క, దాని ఎదుగుదల లెక్క, దగ్గర్లోని మిల్లుల ధరలు విద్యార్థి చేతికివ్వాలి. నరికిన ప్రతి ఘనపు మీటరూ ఎక్కడికి పోయింది, ఐదేళ్ల తర్వాత అందులో ఎంత మిగిలింది, డబ్బు ఎవరికి చేరిందో రాయమనాలి. తర్వాత అదే ప్లాన్‌ని కలప టెక్నాలజీ ప్రొఫెసర్, పర్యావరణ ప్రొఫెసర్ ఒకే గదిలో కూర్చుని విద్యార్థుల ముందే విమర్శించాలి. వాళ్లు ఏకీభవించకపోతే ఇంకా మంచిది.

ఇందులో ఇబ్బంది ఉంది. ఫారెస్ట్రీ విభాగాల పరిశోధనలకు కలప పరిశ్రమ నిధులు కూడా వస్తాయి, ఉద్యోగాలూ అక్కడే ఉన్నాయి. ఆ ఉద్యోగాలు విద్యార్థులకూ కావాలి, వాళ్లు మిల్లు గేటు ముందు ధర్నాకు బయల్దేరినవాళ్లు కారు. ప్లేస్‌మెంట్ గురించి వాళ్లకుండే టెన్షన్ అందరికీ ఉండేదే. కాకపోతే చేరిన మొదటి ఏడాదే ఏ చెట్టు కొట్టాలో రంగుతో గుర్తు పెట్టే పని వాళ్లకు పడొచ్చు. ఉత్తరాది అడవుల్లో ఇవాళ నాటిన మొక్క కోతకు రావడానికి 60 నుంచి 100 ఏళ్లు పడుతుంది.