గాయాలు లేకపోతే నేరం జరగనట్టేనా?

అత్యాచారం కేసు అనగానే అందరూ ముందు వెతికేది గాయాలనే. ఒంటి మీద గీతలు లేవు, బట్టలు చిరగలేదు, కేకలు ఎవరికీ వినపడలేదు. అంటే ఇష్టపడే ఉంటుందిలే! స్టేషన్ నుంచి కోర్టు దాకా చాలాకాలం నడిచిన లెక్క ఇది.

1972లో మహారాష్ట్రలో ఒక గిరిజన అమ్మాయిని రాత్రిపూట పోలీస్ స్టేషన్‌లో ఆపేశారు. ఆమె మనుషులు బయట ఎదురుచూస్తున్నారు. లోపల తలుపులు వేసి, లైట్లు ఆర్పేశారు. హైకోర్టు ఇద్దరు పోలీసులకు శిక్ష వేస్తే, సుప్రీంకోర్టు కొట్టేసింది. గాయాల్లేవు, ప్రతిఘటించిన గుర్తుల్లేవు అన్నది. కాపాడాల్సిన పోలీసులే ఎదురుగా ఉంటే ఆ పిల్ల ఎవరితో పెనుగులాడాలి? ఎవరిని పిలవాలి?

ఈ తీర్పును తప్పుబడుతూ 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో, లైంగిక చర్య రుజువై, ‘నాకు ఇష్టం లేదు’ అని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే భావించాలన్నారు.

ప్రాణభయంలో అందరూ తిరగబడరు. కొందరికి ఒళ్లు కొయ్యబారిపోతుంది, నోరు పెగలదు. ఇది భయానికి శరీరం స్పందించే తీరు, అంగీకారం కాదు. స్పెయిన్‌లోని పాంప్లోనాలో 2016లో ఐదుగురు మగవాళ్లు 18 ఏళ్ల అమ్మాయిపై పడ్డారు. బలప్రయోగం, బెదిరింపు కనిపించలేదంటూ 2018లో కింది కోర్టు దాన్ని అత్యాచారంగా లెక్కించలేదు. జనం వీధుల్లోకి వచ్చారు. 2019లో అక్కడి సుప్రీంకోర్టు అది అత్యాచారమేనని తేల్చి, 15 ఏళ్ల చొప్పున శిక్ష వేసింది. సమ్మతే కొలమానంగా 2022లో కొత్త చట్టం వచ్చింది. స్వీడన్ 2018లోనే ఆ పని చేసింది.

మన చట్టం కూడా 2013 నుంచి స్పష్టంగానే చెబుతోంది: ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదు. అయినా ‘ఎందుకు అరవలేదు?’ అన్న ప్రశ్న ఆగలేదు. చట్టం పుస్తకంలో మారినంత త్వరగా అడిగేవాళ్ల బుర్రల్లో మారదు. అందుకే స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునేవాళ్లకు, పరీక్ష చేసే డాక్టర్లకు, జడ్జిలకు ఈ విషయంలో శిక్షణ తప్పనిసరి చేయాలి.

ఇంకో పెద్ద లోటు ఇంట్లోనే ఉంది. భార్యకు 18 ఏళ్లు నిండితే, ఆమె వద్దన్నా భర్త చేసింది అత్యాచారం కిందికి రాదని మన నేరశిక్షల చట్టం భారతీయ న్యాయ సంహిత అంటోంది. దీనిపై 2022 మేలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ చెరో రకం తీర్పు ఇచ్చారు, వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పెళ్లితో ఆడదాని ‘వద్దు’కు విలువ పోతుందనే ఈ మినహాయింపును పార్లమెంటు వెంటనే తీసేయాలి, కోర్టు తీర్పు కోసం ఆగనక్కర్లేదు.