చుక్క తీసేయమనడానికి మీరెవరు?

పేరులోని ఒక్క చుక్క కోసం ఆ తండ్రి రెండు రోజులు సెలవు పెట్టి కాలేజీ చుట్టూ తిరిగారు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న తెలుగు ఉద్యోగి ఆయన. కూతురి ప్రవేశానికి ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతూ ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క పెట్టగానే, ప్రత్యేక గుర్తులు చెల్లవంటూ ఎర్ర అక్షరాలు కనిపించాయి. చుక్క తీసేస్తేనే దరఖాస్తు ముందుకు కదిలింది. తీరా పత్రాల పరిశీలనలో, మార్కుల జాబితాలో చుక్క ఉంది, దరఖాస్తులో లేదు, అఫిడవిట్ తెమ్మన్నారు. చుక్కను తిరగ్గొట్టింది వారి సాఫ్ట్‌వేరే. చుక్క లేదని తప్పు పట్టిందీ వారే.

పేరులోనే కొటేషన్ గుర్తున్న డి'సౌజాలు ఈ నగరంలో ఏళ్లుగా పడుతున్న బాధ ఇదే. మన లిపిలో పేరు రాయబోతే మరీ ఘోరం. అక్షరాలు తప్ప మరేమీ రానివ్వకూడదని రాసిన కోడ్ గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. 'తులసి' అని కొడితే మిగిలేది 'తలస'. 'రాజ్‌కుమార్' అన్న పేరులో జ్ తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటుంటుంది. అనవసరమని దాన్ని కోసేస్తే పేరు 'రాజ్కుమార్' అవుతుంది. కన్నడంలోనూ ఇదే తంతు. డాక్టర్ రాజ్‌కుమార్ రోడ్డు ఉన్న ఊరిలోనే ఈ దుస్థితి! కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్ల చోటు తీసుకుంటుంది. దరఖాస్తులో పేరు గడికి ముప్పై బైట్లే కేటాయిస్తే వెంకటేశ్వరరావు గారు వెంకటేశ్వర దగ్గరే ఆగిపోతారు.

కొటేషన్ గుర్తు చాటున డేటాబేస్‌లోకి దొంగ ఆదేశాలు చొప్పిస్తారు, అందుకే ఈ కట్టడి అంటారు నిర్వాహకులు. ఆ ప్రమాదం 1998 నుంచి లోకానికి తెలుసు. ఆదేశాన్ని, జనం నింపిన సమాచారాన్ని వేర్వేరుగా పంపితే ఏ గుర్తూ ఆదేశంగా మారదనీ తెలుసు. ఆ పని చేయకుండా పేర్ల మీద పడటం బద్ధకం. దానికి భద్రత అని పేరు పెట్టడం మోసం.

మా ఆందోళన ఒక్క దరఖాస్తు గురించి కాదు. యంత్రానికి కుదరలేదు కాబట్టి మనిషే పేరు మార్చుకోవాలన్న ఆనవాయితీ స్థిరపడుతోంది. ఈరోజు చుక్క, రేపు గుణింతం, ఎల్లుండి ఇంటిపేరే. అమ్మానాన్నలు పెట్టిన పేరును ఒక గడి కొలతకు కత్తిరించే అధికారం ఎవరిచ్చారు?

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరపు ఒక కూర్పు అందగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞానం అని రాయడం మానుకోండని ఆపిల్ తెలుగువారికి చెప్పలేదు. ఆ నెలలోనే ఐఫోన్లను నడిపే ఐఓఎస్‌కు 11.2.6 కూర్పు విడుదల చేసి తన తప్పు దిద్దుకుంది. పేరు మీది ఉచ్చారణ గుర్తును తమ పాత కంప్యూటర్ రాయలేకపోతోందన్న బ్యాంకు వాదనను 2019లో బ్రసెల్స్ అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, 12వ సెక్షన్‌లో, తప్పుగా నమోదైన వివరాలను సరిచేయించుకునే హక్కును గుర్తించింది. హక్కు కాగితం మీద ఉంది. కౌంటర్ దగ్గర మాత్రం, చుక్క తీసేయండి సార్!

ఇదంతా బెంగళూరులో జరగడమే మింగుడు పడనిది. జర్మన్ ఖాతాదారు పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే రాత్రంతా కూర్చుని సరిచేసే ఇంజనీర్లు ఇక్కడే ఉన్నారు. ఫ్రెంచి పేరు మీది గీతకు ఇచ్చే మర్యాద పక్క వీధిలోని తెలుగు పేరుకు, కన్నడ పేరుకు ఎందుకు దక్కదు? డాలర్లు చెల్లించే పేరుకు ఒక న్యాయం, ఫీజు చెల్లించే పేరుకు మరొకటా? చేతకాక చేయడం లేదంటే నమ్మవచ్చు. చేతనై చేయకపోవడాన్ని ఏమనాలి?

ఆ అమ్మాయి దరఖాస్తును కాలేజీ అఫిడవిట్ అడగకుండా వెంటనే తీసుకోవాలి. ఇలాగే వెనక్కి పంపిన ప్రతి దరఖాస్తునూ మళ్లీ తెరవాలి. నోటరీకి అయిన ఖర్చు తిరిగి ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చిన సంస్థ ఈలోగా తన ఉద్యోగుల జాబితా తెరిచి, వారి పేర్లలో ఎన్ని చుక్కలున్నాయో చూసుకోవాలి.