మౌనం ఖరీదు 45 రూపాయలు

(శ్రీసిటీలోని ఒక జపాన్ కర్మాగారంలో సుభద్ర లెక్కలు చూస్తుంది. పరంధామయ్యకు తడ దగ్గర చెక్కపెట్టెల వ్యాపారం. ఇవాళ మరో జపాన్ కంపెనీతో బేరానికి వెళ్లివచ్చాడు. రాత్రి భోజనాల వేళ.)

పరంధామయ్య: పాయసం వండు సుభద్రా! ఆర్డరు ఖాయం. నేను మాట్లాడినంతసేపూ నలుగురూ తలలు ఊపుతూనే ఉన్నారు.

సుభద్ర: వింటున్నామని ఊపి ఉంటారు. ఒప్పుకున్నామని కాదు. విజిటింగ్ కార్డులు ఇచ్చారా?

పరంధామయ్య: రెండు చేతులతో, వంగి మరీ ఇచ్చారు. చటుక్కున అందుకుని ప్యాంటు వెనక జేబులో దోపాను.

సుభద్ర: దోపి?

పరంధామయ్య: కూర్చున్నాను.

సుభద్ర: అయ్యో రామా! వాళ్ల పెద్దాయన పేరు మీద కూర్చున్నారా? చదివి, వాళ్లు కూర్చున్న వరుసలోనే బల్ల మీద పెట్టుకోవాలండీ!

పరంధామయ్య: కార్డులకు కూడా పీటలు వేయాలా? అసలు సంగతి విను. పెట్టె 540 అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సుభద్ర: ఆలోచిస్తున్నారు.

పరంధామయ్య: ఎంతసేపని? ఒకాయన కళ్లు కూడా మూసుకున్నాడు. నాకు చెమటలు పట్టాయి. 520 అన్నాను.

సుభద్ర: ఎవరడిగారు?

పరంధామయ్య: ఎవరూ అడగలేదు. అప్పటికీ పలకకపోతే 495 అన్నాను.

సుభద్ర: అంటే ఎదుటివాళ్లు నోరు మెదపకుండానే, మీతో మీరే బేరమాడుకుని ఓడిపోయారు!

పరంధామయ్య: అప్పుడు ఒకాయన పళ్ల సందున గాలి పీల్చాడు. ధర నచ్చి లొట్టలు వేశాడనుకున్నాను.

సుభద్ర: మా ఆఫీసులో అలా పీల్చారంటే పని జరగడం కష్టమనే. అంత సులువుగా 45 రూపాయలు తగ్గితే చెక్క నాసిరకమేమోనని అనుమానం రాదూ?

పరంధామయ్య: అక్కడికీ ఇప్పుడే తేల్చమని గట్టిగా అడిగాను.

సుభద్ర: అందరి ముందా! వాళ్లకు సమావేశమంటే లగ్నం. సంబంధం అంతకు ముందే కుదరాలి. కొనుగోళ్లవాళ్లను, నాణ్యత చూసేవాళ్లను, గోడౌనువాళ్లను విడివిడిగా కలిసి అభ్యంతరాలు తీర్చుకోవాలి. నెమవాషి అంటారు దాన్ని. తర్వాత కాగితం కింది నుంచి పైదాకా ఒక్కొక్కరి ముద్ర వేయించుకుంటూ వెళ్తుంది. ఆలస్యమే, కానీ ముద్రలన్నీ పడ్డాక ఇక ఎవరూ అడ్డు చెప్పరు.

పరంధామయ్య: ఈలోగా నా చెక్కకు చెదలు పడతాయి.

సుభద్ర: సరుకు ఎప్పుడిస్తారని అడిగారా?

పరంధామయ్య: దేవుడి దయ ఉంటే పదో తారీఖుకల్లా అన్నాను.

సుభద్ర: దేవుడిది ఏ షిఫ్టు అని అడగలేదు, నయం!

పరంధామయ్య: వెటకారం చాలు. ఇప్పుడేం చేయమంటావు?

(సుభద్ర ఒక గుక్క మజ్జిగ తాగి ఊరుకుంది.)

పరంధామయ్య: సరే, రేపు ఆ కొనుగోళ్ల ఆయనను విడిగా కలుస్తాను.

(సుభద్ర పలకలేదు.)

పరంధామయ్య: మీ తమ్ముడి పెళ్లికి రెండు రోజుల ముందే వెళ్దాం.

(ఊహూఁ.)

పరంధామయ్య: వారం ముందు! ఆ కంచిపట్టు చీర కూడా కొంటాను. ఇక నోరు విప్పు తల్లీ!

సుభద్ర: నేనేమీ అడగలేదే! మజ్జిగలో ఉప్పు వేశానా లేదా అని చూస్తున్నాను. ఆ చీర మాట మాత్రం కాగితం మీద రాయండి, ముద్ర నేను వేస్తాను.