సాక్ష్యాల మైకు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మా సంఘం సాక్ష్యాల మైకు గారికి, ప్రభువు నామంలో వందనాలు.

ఆదివారం పాటలయ్యాక "ప్రభువు చేసిన మేళ్ళు చెప్పేవాళ్ళు ముందుకు రండి" అని తమరిని స్టాండు మీంచి తీస్తారు కదా. ఏళ్ళుగా చూస్తున్నాను, తమరి అభిరుచే వేరు. అమెరికా వీసా అంటే ఖంగుమంటారు. మధురవాడలో ఫ్లాటంటే కీబోర్డు తమ్ముడు కూడా అందుకుంటాడు. డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు నయమైందంటే ఇక ఆ ఎకోకి గోడవతల టీకొట్టువాడైనా స్తోత్రం అనాల్సిందే.

మొన్న జాలరిపేట అప్ప ఒకామె లేచింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, 61 రోజులు. "ఆ రెణ్నెల్లూ మా పొయ్యి ఆరనేదు. పక్కింటోలు ఓ పూట, తోటికోడలు ఓ పూట. మొన్న బోటెల్లింది, మా ఆయనొచ్చీసేడు. అంతే," అంది. తమరు కుయ్యిమన్నారు. వీడియో తీస్తున్న కుర్రాడు ఫోను జేబులో పెట్టేశాడు. సముద్రం మీదికెళ్ళిన మనిషి ఇంటికి రావడం వార్త కాదు మరి, రాకపోతేనే వార్త.

తమరి పక్కనే బైబిలుంటుంది గానీ చదివే తీరిక లేదనుకుంటా. యాయీరు కూతుర్ని బతికించాక ప్రభువు ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు, పిల్లకి తినడానికేమైనా పెట్టమన్నాడు. తమరైతే ఆ అన్నం మాట ఎడిటింగులో తీసేసి, మిగతాది సాయంత్రానికి యూట్యూబులో పెట్టేవారు. కానా పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షారసమైన సంగతి విందు ప్రధానికే తెలీదు, నీళ్ళు తోడినవాళ్ళకి తెలుసు. వాళ్ళకి మైకెవరిచ్చారు?

2014 అక్టోబరు 12 గుర్తుందా? అదీ ఆదివారమే. హుద్‌హుద్ తుఫాను వచ్చి చెట్లూ స్తంభాలూ కూల్చేసింది. కరెంటు లేక తమరు మూగనోము పట్టారు. మా విశాఖ వన్‌టౌన్‌లో మేరీమాత, దర్గా, వెంకన్న మూడు కొండల మీద పక్కపక్కనే కదా. ఆ వారం కింద మనుషులూ అలాగే ఉన్నారు. బోరుకి జనరేటరు తగిలించినాయన ఏ కొండ వాళ్ళో అడక్కుండా బిందెలు నింపాడు. ఫ్రిజ్‌లో చేపలు పాడవకముందే పులుసు పెట్టి ఒకావిడ గిన్నెలతో మెట్లెక్కింది. దర్గా వైపు కుర్రాళ్ళు గొడ్డళ్ళు తెచ్చి మా గేటుకడ్డంగా పడ్డ చెట్టు కొట్టారు. ఒక పాలప్యాకెట్టు మూడిళ్ళు తాగాయి. చీకట్లో అరుగుల మీద కూచుని ఇవే చెప్పుకున్నాం. ఎవరికీ ఎకో కావాల్సి రాలేదు.

ఇంకో మాట, ఇది కోపంతోనే. "విశ్వాసముంటే జరిగి తీరుతుంది" అని తమరు ఊగిపోయేటప్పుడు, వెనక వరసలో ఒక తల్లి కూచునుంటుంది. నడక రాని పిల్లాడు ఒళ్ళో. ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేసిందో ఆమెకే తెలుసు. తమరి మాట తగిలిన ప్రతిసారీ తన విశ్వాసమే తక్కువేమోనని తల దించుకుంటుంది. ఆ పిల్లాణ్ణి కేజీహెచ్ పెద్దాసుపత్రికి డబ్బులు తీసుకోకుండా తిప్పే ఆటోవాడొకడున్నాడు. ఆ సంగతి చెప్పాలని ఆమెకుంది, సాక్ష్యం కిందికి వస్తుందో రాదో అని ఊరుకుంటోంది.

వచ్చే ఆదివారం ఆమెని నేను లేపుతాను. పిల్లాణ్ణెత్తుకుని అంత దూరం రాలేదు, తమరే వెనక్కి దయచేయండి. వైరు చాలదంటారా, మానేయండి. మేమే కుర్చీలు దగ్గరికి లాక్కుంటాం.

ఇట్లు,
ఫ్యాను గాలి తగలని వరస నుంచి
ఒక సంఘ సభ్యురాలు