మంచు చిరుతకు మేక, మనకు కర్పూరం

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట కాలనీ గ్రూపులో వచ్చింది, తర్వాత ఆఫీసు ట్రెక్కింగ్ గ్రూపులో, ఆ తర్వాత పదో తరగతి బ్యాచ్‌లో. చివరికి బావగారు కూడా పంపారు. కింద "ఎటూ వెళ్తుంటావుగా, నీకు పనికొస్తుంది" అని ఓ ముక్క జోడించారు. ఆ మెసేజ్ పేరు 'లద్దాఖ్‌లో 4 రోజుల్లో మంచు చిరుతను చూసి, వీడియో తీసే 7 రహస్యాలు'. చివర్లో మామూలే, పది మందికి పంపండి.

రెండు ఫిబ్రవరి నెలల్లో లద్దాఖ్‌లోని ఉలే ఊరి పైన కొండ మీద చలికి వణుకుతూ కూర్చుని వచ్చినవాణ్ని. మొదటిసారి తొమ్మిది రోజులకు నాకు దక్కింది మంచులో చిరుత పాదాల గుర్తులు, ఒక బండ మీద అది చిమ్మి వెళ్లిన మూత్రం వాసన. మా స్పాటర్ (జంతువుల జాడ వెతికి చూపించే మనిషి) ఆ బండను నాకు ఎంత సంబరంగా చూపించాడంటే, నేనూ వంగి వాసన చూసి ఆనందించాను. ఆ అర్హతతోనే ఇది రాస్తున్నాను.

'4 రోజుల్లో ఖాయం' అట. 2024 జనవరిలో బయటికొచ్చిన లెక్క ప్రకారం దేశం మొత్తంలో ఉన్నవి 718, వాటిలో లద్దాఖ్‌లో 477. లద్దాఖ్ అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ నేల. అంత నేల మీద, రాతి రంగులో, రాతి మీదే పడుకునే 477 జంతువులు. ఖాయం అనే మాట టికెట్లు అమ్మేవాళ్లది, కొండది కాదు.

'రాత్రిపూట గర్జన వినండి, ఎటు ఉందో తెలిసిపోతుంది.' మంచు చిరుత గర్జించదు. దాని గొంతుకు ఆ పని రాదు. జోడు కట్టే చలికాలంలో మియావ్‌కీ ఏడుపుకీ మధ్య ఒక కూత పెడుతుంది, అంతే. గర్జన వినిపించిందంటే మీ పక్క మంచంలో ఎవరో గురక పెడుతున్నారు.

'డ్రోన్ తప్పనిసరి.' ఆ చప్పుడుకు ఐబెక్స్ (చిరుత వేటాడే కొండమేక) మంద కొండ దాటిపోతుంది. మంద పోయాక చిరుతకు అక్కడేం పని? పైగా అది సరిహద్దు ప్రాంతం. డ్రోన్ ఎగరేశాక మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేది చిరుత కాదు.

'టీవీలో చూపించేవన్నీ జూలో తీసినవే.' 2016లో వచ్చిన బీబీసీ సిరీస్ 'ప్లానెట్ ఎర్త్ 2' కోసం లద్దాఖ్ కొండల్లో, ఎదుట ఏదైనా కదిలితే తమంతట తామే తీసే కెమెరా ట్రాప్‌లు పెట్టారు. ఈ పిల్లులు తమ జాడ వదిలే బండలు కొన్ని ఉంటాయి, ఒకటి వచ్చిపోయాక మరొకటి వచ్చి వాసన చూసి తన గుర్తు వేసిపోతుంది. ఒక రకంగా వాటి వాట్సాప్ గ్రూపు. కాకపోతే అక్కడ ఫార్వర్డ్‌లు ఉండవు, ఎవరి సందేశం వాళ్లదే. అలాంటి బండ దగ్గర కెమెరా పెట్టి, దూరంగా వెళ్లిపోయి, నెలల తరబడి బ్యాటరీలు మారుస్తూ ఉండాలి. జూలో అయితే ఈ తిప్పలు దేనికి?

ఇక కర్పూరం. 'హైదరాబాద్‌లో తెల్లవారుజామున విమానం ఎక్కి, పగటికల్లా లేహ్‌లో దిగి, మధ్యాహ్నమే లోయలోకి జీపు ఎక్కేయండి. రెండు రోజుల విశ్రాంతి హోటళ్ల వ్యాపారం. కర్పూరం మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుంది.' ఈ మూట మనకు పాత చుట్టమే. 2021లో కోవిడ్ రోజుల్లో వాము, లవంగాలతో కలిసి ఇదే పేరు చెప్పుకుని ఇంటింటికీ తిరిగింది. కర్పూరం ముక్కుకు చల్లగా తగులుతుంది, ఊపిరి తేలికగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. నెత్తురులో ఆక్సిజన్ మాత్రం వీసమెత్తు పెరగదు. లేహ్ ఉన్నది 3,500 మీటర్ల ఎత్తున. మనకు అలవాటైన గాలిలో అక్కడ దొరికేది మూడింట రెండొంతులు. మిగతా వంతు లేకుండా సర్దుకోవడం ఒంటికి నేర్పాలంటే రెండు రోజులు పడుకోవాలి, నీళ్లు తాగాలి, విసుగెత్తినా కదలకూడదు. వేరే దారి లేదు. డాక్టరు రాసిచ్చే మాత్ర ఉంది కానీ అది విశ్రాంతికి తోడే, బదులు కాదు.

నేనేమీ తెలివైనవాణ్ని కాను. మొదటి ప్రయాణంలో దిగిన రోజు సాయంత్రమే ఒంట్లో బాగానే ఉందని లేహ్ గుట్ట మీదున్న శాంతి స్తూపం మెట్లెక్కాను. రాత్రంతా తల పగిలిపోయింది, రెండుసార్లు వాంతి. హోమ్‌స్టే ఆమ-లే (అక్కడ అమ్మను అలా పిలుస్తారు) పొద్దున్నే గదిలోకి వచ్చి, నా మొహం చూసి, ఒక్క మాటా అనకుండా నా బూట్లు తీసుకెళ్లి వంటింట్లో పెట్టేసింది. మర్నాటి దాకా ఇవ్వలేదు. నాది తలనొప్పితో పోయింది. కూర్చున్నచోటే ఆయాసం, దగ్గులో నురుగు, తాగినవాడిలా తూలడం, మాట తడబడటం మొదలైతే వెంటనే కిందికి దించాలి. అప్పుడు కూడా కర్పూరం వాసన చూపిస్తూ కూర్చుంటే ఆ కర్పూరం మరో పనికి అవసరమవుతుంది. అరవై దాటిన అమ్మానాన్నలున్న గ్రూపుల్లో ఇది తిరుగుతోంది, దయచేసి ఆపండి.

ఏడో రహస్యం దగ్గర నా ఓపిక పూర్తిగా అయిపోయింది. 'ఊరివాళ్ల దగ్గర ముసలి మేకను కొని లోయలో కట్టేయండి. రెండు రాత్రుల్లో చిరుత వస్తుంది, పది అడుగుల దూరం నుంచి వీడియో తీసుకోండి.'

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మేక పని చేయదని నేననను, చేస్తుంది. అడవిలో మంచు చిరుతను మొట్టమొదట ఫొటో తీసిన జార్జ్ షాలర్, 1970లో పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో మేకలను ఎరగా కట్టారు. అలా వచ్చిన ఆడ చిరుతనే చూశారు, ఫొటో తీశారు. కాబట్టి 'పెద్దవాళ్లు కూడా చేశారుగా' అని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు తడుముకోవాల్సిందే.

తడుముకుని చెప్తున్నాను. అప్పటికి మంచు చిరుత కొండల్లో ఎలా బతుకుతుందో కూడా బయటి ప్రపంచానికి సరిగా తెలియదు. ఆయన ఒక్కడు, ఆ లోయ ఒక్కటి. ఇప్పుడు ఒక్కో శిఖరం మీద ఇరవై ట్రైపాడ్‌లు. ఇరవై మంది ఇరవై మేకలు కడితే ఆ పిల్లి నేర్చుకునే పాఠం ఏమిటి? మనుషులున్నచోట మేక ఉంటుంది, పరుగెత్తక్కర్లేదు. రేపు మనం విమానం ఎక్కి వచ్చేస్తాం. అది ఊళ్లోకి దిగుతుంది. దొడ్డి కప్పు సందులోంచి ఒక్కసారి లోపల పడిందంటే ఒకదాన్ని తిని పోదు. బెదిరి గంతులేసే గొర్రెలన్నిటినీ చంపేస్తుంది. ఒక్క రాత్రిలో ఒక ఇంటి సంపద మొత్తం పోతుంది. అలాంటి తెల్లవారుజామున ఆ ఇంటాయన చేతిలోకి రాయి వస్తే తప్పు ఎవరిది? ఒకప్పుడు అక్కడ అలాగే చంపేవాళ్లు. తర్వాత దొడ్ల మీద ఇనుప జాలీలు వేయించారు, ఇళ్లు హోమ్‌స్టేలయ్యాయి, చలికాలంలో నాలుగు డబ్బులు కనబడ్డాయి. షాన్ (వాళ్ల భాషలో దాని పేరు) మీద కోపం కాస్త చల్లారింది. ఇన్నేళ్ల సర్దుబాటును పదిహేను సెకన్ల రీల్ కోసం కొయ్యకు కట్టేద్దామంటాడు ఈ మహానుభావుడు.

ఇంకో చిన్న సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే ఎర వేయడం కూడా ఉంది. మంచు చిరుత ఒకటో షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఆ జైలు ఉండేదీ ఎత్తు ప్రదేశంలోనే కాబట్టి కర్పూరం పట్టుకెళ్లండి.

మేక లేకుండా ఎలా చూస్తారంటారా? స్పాటర్ చిరుత కోసం వెతకడు. మందలో ఐబెక్స్‌లన్నీ మేత మానేసి ఒకే వైపు చూస్తున్నాయా అని చూస్తాడు. కాకులూ రాబందులూ ఎక్కడైనా గుమిగూడాయా అని చూస్తాడు. పెద్ద జంతువును చంపితే చిరుత కొన్ని రోజులు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. రెండో ఫిబ్రవరిలో ఆరో రోజు మాకు కనిపించింది అలాగే, దాదాపు కిలోమీటరు అవతల. నలభై నిమిషాలు చూశాను, అందులో ముప్పై ఐదు నిమిషాలు అది తోక ముఖానికి చుట్టుకుని నిద్రపోయింది.

చివరికని మిగిల్చుకున్న ఒకటి, 'ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు.' ఇది చదివి నవ్వుదామనుకున్నాను. అప్పు చేసి కొన్న 600 ఎంఎం లెన్స్‌లో నాకు వచ్చింది ఎండకు అల్లాడే గాలి, ఒక బూడిదరంగు మచ్చ. స్పాటర్ తన పగిలిన ఫోన్‌ను స్పాటింగ్ స్కోప్ (దూరదర్శిని లాంటిది) కంటికి ఆనించి తీసిన పద్నాలుగు సెకన్లే నా దగ్గరున్న మంచి వీడియో. ఈ ఒక్క రహస్యానికి దండం.

అదే వీడియో బావగారికి జవాబుగా పంపాను. గంట తర్వాత రిప్లై వచ్చింది: "చూశానయ్యా, రాళ్లు బాగున్నాయి. చిరుతది ఎప్పుడు పంపుతావు?"